డీజిల్ నిండుకుంది

విశాఖపట్నం నుంచి వచ్చి నాలుగు రోజులైంది. పిక్కలు ఇంకా లాగుతున్నాయి. సంచి విప్పితే ఇప్పటికీ చేపల వాసనే. అయినా ఎవరూ కూర్చోనివ్వడం లేదు. మార్కాపురంలో మా వీధి నుంచి ఆఫీసు పని మీద, ఆఫీసు ఖర్చుతో, ఒంటరిగా రైలెక్కి వెళ్ళొచ్చిన మొదటిదాన్ని నేనే. డిగ్రీ పాసైన మొదటిదాన్ని కూడా నేనే కాబట్టి నా ప్రయాణం వీధి మొత్తానిదీ అయింది. పక్కింటికి చెప్పాను, ఎదురింటికి చెప్పాను. పలకల కార్ఖానాలో నాన్నతో పనిచేసేవాళ్ళు అన్నాల వేళకి గుంపుగా వస్తే వాళ్ళకీ చెప్పాను. గొంతు బొంగురు పోయింది. ఇక చెప్పే ఓపిక లేక రాసేస్తున్నాను. వెళ్ళనివాళ్ళు చదువుకోండి.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసు, ఫోన్లో ఆడే ఆటలు తయారు చేస్తుంది. తుపాకులు పేల్చుకునేవి కావు, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం నేర్పేవి. మొదటి ఆట సముద్రం మీద వేటకి కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసం. తెర మీద ఒక పడవ ఉంటుంది. అందులో ఇంత డీజిల్, ఇంత ఐస్. దూరం వెళితే చేప ఎక్కువ దొరుకుతుంది, కానీ తిరిగి రావడానికి డీజిల్ చాలకపోవచ్చు. మంచి చేప కోసం చోటు ఉంచుకుంటే చేతికొచ్చిన చిన్న చేపని వదులుకోవాలి. తుఫాను కబురు వస్తుంది, అది నిజమో కాదో తెలీదు. పన్నెండు చోట్ల ఆట ఆగి, ఇప్పుడేం చేస్తావని అడుగుతుంది. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి పోతుంది. ఏది పోతే తట్టుకోగలమో ముందే చూసుకోవడమే ఆట. ఈ ముక్క మా సారు రోజుకి మూడుసార్లు చెబుతారు.

ఆటలో కనిపించే తెలుగు మాటలన్నీ నేను రాసినవి. నన్ను తీసుకున్నది అందుకే. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. అందులో రెండో నెల నడుస్తుండగా సారు ఆరు ట్యాబులు సంచిలో పెట్టిచ్చి, విశాఖపట్నం హార్బర్‌లో ఆడించి రమ్మన్నారు. ఇంకో మాట కూడా చెప్పమన్నారు. అక్కడే ఉండి కొత్తవాళ్ళతో ఈ ఆట ఆడించడానికి ఏడాదిపాటు ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకుంటాం, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకే ఆ పని అని.

ఉక్కపోత

మా ఊళ్ళో ఎండ నీడలోకి వెళితే వదిలేస్తుంది. విశాఖపట్నంలో నీడలోకి కూడా వెంట వస్తుంది. రైలు దిగి లాడ్జి చేరేసరికి చుడీదార్ వీపుకి అంటుకుపోయింది. ఆటోకి నూటయాభై ఇచ్చాను. అదే దూరానికి బస్సులో ఇరవై అని సాయంత్రం తెలిసింది. ఆ వంద పైచిలుకు మీద బాధ మూడో రోజుదాకా ఉంది, ఖర్చు ఆఫీసుదే అయినా.

టిఫిన్ దగ్గర సాంబారు తియ్యగా తగిలింది. పొరపాటున వేశారేమో అనుకుని చెబితే, వడ్డించే ఆయన నా వైపు జాలిగా చూశాడు. "బెల్లం ఎయ్యకపోతే అది సాంబారేటమ్మా?" అన్నాడు. మా ఇంట్లో కారం తగ్గితే గొడవ. ఇక్కడ బెల్లం తగ్గితే గొడవ.

సముద్రం చూడ్డం నాకు అదే మొదలు. అమ్మ ఫోన్ చేసి ఎట్లా ఉందని అడిగింది. నేను ముందు చూసింది హార్బర్‌లో నీళ్ళు. నల్లగా, పైన నూనె రంగులతో, కదలకుండా ఉన్నాయి. మన చెరువులాగే ఉంది అన్నాను. అమ్మ నమ్మలేదు.

కట్టేసిన పడవలు

నేను వెళ్ళింది వేట నిషేధం ఆఖరి రోజుల్లో. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి రెండు నెలలు మరబోట్లు సముద్రం మీదికి పోకూడదు. వందల పడవలు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. మామూలు రోజుల్లో తెల్లారకముందే ఇక్కడ వేలం పాటలతో చెవులు పోతాయట. ఇప్పుడు మగవాళ్ళంతా నీడ చూసుకుని కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు. మాకు కావలసిందీ అదే, మనుషులు ఖాళీగా దొరకడం.

"ఏటమ్మా, ఫోన్లో సేపలు పట్టిత్తావా మాకు?" అన్నాడు ఒకతను.

"పట్టిస్తానన్నా. వండుకోవడానికి మాత్రం రావు" అన్నాను.

నవ్వారు. ఆ నవ్వుతో పని మొదలైంది.

అక్కడే అప్పల్రాజుని చూశాను. నలభై అయిదేళ్ళుంటాయి. మిగతావాళ్ళు రెండు చేతులతో వల అల్లుతుంటే ఆయన ఎడమ చేత్తో, కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని అల్లుతున్నాడు. ఇరవై ఏళ్ళు సరంగుగా, అంటే పడవ నడిపేవాడిగా ఉన్నాడు. కిందటేడు వల లాగే యంత్రం తాడు తెగి వచ్చి కుడి భుజానికి కొట్టింది. చెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఇప్పుడు ఏ పడవవాళ్ళూ పిలవడం లేదు.

ఏడాది పని సంగతి చెప్పగానే వల పక్కన పెట్టింది ఆయన ఒక్కడే.

"అది ఒడ్డునుండి సేసే పనే కదా?" అని అడిగాడు.

"ఒడ్డు మీదే అన్నా."

కాసేపు పడవల వైపు చూశాడు. "ఇప్పుడు బాగానే ఉన్నాదమ్మా. అందరం ఇలగే కూకున్నాం కాబట్టి ఎవులికీ తెల్దు. నిసేదం ఎత్తీగానే ఈలంతా ఎల్లిపోతారు. అప్పుడు ఈ గట్టు మీద నానొక్కడినే ఉంటాను."

నాకు నాన్న గుర్తొచ్చారు. ఆయన కోసిన పలకల మీద ఎన్ని ఊళ్ళ పిల్లలు అక్షరాలు దిద్దారో తెలీదు, ఆయన మాత్రం వేలిముద్రే. పని తెలిసిన మనిషిని పని పక్కన కూర్చోబెడితే ఎట్లా ఉంటుందో కార్ఖానా ఆగిన రోజుల్లో మా ఇంట్లో చూశాను.

సరంగుకి సున్నా

రెండో రోజు ఇరవై మంది మగవాళ్ళు ఆడారు. చదవలేనివాళ్ళకి తెర మీది మాటలు నేనే చదివి వినిపించాను. పదకొండు గంటలకల్లా ట్యాబులు వేడెక్కి ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను ఏడుపు మొహం పెట్టాను. వాళ్ళు కంగారు పడలేదు. ఐస్ దుకాణం నుంచి ఒక దిమ్మ తెచ్చి, పైన గోనెసంచి పరిచి, ట్యాబుల్ని చేపల్లాగా వరసగా పేర్చారు. పావుగంటలో లేచాయి. హైదరాబాద్‌లో ఈ వైద్యం ఎవరికీ తెలీదు.

అందరికంటే నిదానంగా, అందరికంటే శ్రద్ధగా ఆడింది అప్పల్రాజే. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి లెక్క వేసుకున్నాడు. చివరికి తెర మీద వచ్చింది: పడవ ఒడ్డుకి చేరలేదు. మార్కులు సున్నా.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. "బావా, ఇరవై ఏళ్ళు ఎవుల్ని మోసం సేసేవురా?" "నీ పడవెక్కి మేం ఎలగ బతికేమో ఆ గంగమ్మ తల్లికే తెలాల." నిజానికి నవ్వినవాళ్ళలో కూడా చాలామందికి సున్నాలే. ఇరవైలో పద్నాలుగు పడవలు ఒడ్డుకి రాలేదు. కానీ కుర్రాళ్ళకి సున్నా వస్తే అది ఆట. సరంగుకి సున్నా వస్తే అది కబురు. మధ్యాహ్నానికి హార్బరంతా పాకింది.

ఆయన నవ్వలేదు. "ఎక్కడ తప్పు సేసేనమ్మా? అదొక్కటి సెప్పు."

పడవ ఎందుకు చేరలేదో ఆట చెప్పదు. ఆడినవాళ్ళే వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి, అదే పాఠం అని సారు పద్ధతి. నేనూ చెప్పకూడదు.

"మీరే ఆలోచించుకోవాలన్నా" అన్నాను, బళ్ళో టీచరులాగా. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన తల ఊపి, సంచి తీసుకుని, ఎండలోనే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బస్సులో నిద్రపోయి మూడు స్టాపులు దాటిపోయాను. తిరిగి నడుస్తుంటే చెప్పు తెగింది.

ఆడవాళ్ళ రోజు

మూడో రోజు ఆడవాళ్ళు ఆడారు. చేపలు అమ్ముకునేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు, పద్దెనిమిది మంది. ఆడేటప్పుడు ఒక్క నిమిషం ఊరుకోలేదు.

"ఒలే, ఎనక్కి తిప్పీ. సాల్లే."

"ఇంకొంచెం ఎల్తే కోనాం సేప ఉన్నాదంతంది కదా?"

"ఉంతే ఉన్నాది. ఇంటికాడ పిల్లలున్నారు. తిప్పీ."

పద్దెనిమిదిలో పదిహేడు పడవలు క్షేమంగా ఒడ్డుకి వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ, డెబ్భై ఎనిమిది మార్కులు, నూకాలమ్మకి. ఆవిడ అప్పల్రాజు భార్య. ఆ మార్కులు చూసి మిగతా ఆడవాళ్ళు నవ్విన నవ్వుకి వల అల్లుతున్న మగవాళ్ళు తలలు దించుకున్నారు.

"నూకాలూ, రేపటేల నుండి మీ ఆయన్ని సేపలమ్మడానికి పంపీ, నువ్వు పడవెక్కీ."

"ఆడెల్తే సేపలు కూడా ఎనక్కి రావే" అంది నూకాలమ్మ. నవ్వుతూనే అంది కానీ కొంగుతో మొహం తుడుచుకుని గంప అందుకుంది.

నేను మాత్రం గాల్లో తేలాను. ఇంత పెద్ద సంగతి నా చేతుల మీదుగా బయటపడింది. లాడ్జి మెట్ల మీదే కూర్చుని సారుకి ఫోన్ చేశాను. "సార్, ఒకే వీధి, ఒకే ఇళ్ళు. మగవాళ్ళు మునుగుతున్నారు, ఆడవాళ్ళు తేలుతున్నారు" అన్నాను. సారు గొంతు మారింది. మన ఆటకి డబ్బిచ్చే సంస్థకి ఈ రోజే రాస్తానన్నారు. బాగా చేశావన్నారు. ఆ ఏడాది పని ఆ నూకాలమ్మకే ఇద్దాం, అడిగి చూడమన్నారు. అమ్మకి చెప్పాను. అమ్మ వీధికి చెప్పింది. ఆ రోజు రెండు ప్లేట్ల పునుగులు తిన్నాను.

గోపాలపట్నం

నూకాలమ్మని అడగాలంటే ఆవిడ దగ్గరికే వెళ్ళాలి, ఆవిడ ఆగదు. నాలుగో రోజు పొద్దున్నే, నిషేధం లేని చిన్న తెప్పల మీద వచ్చిన చేప కొనుక్కుని, గంప ఆటోలో వేసుకుని గోపాలపట్నం బజారుకి బయలుదేరితే నేనూ ఎక్కాను. తనని అప్పా అని పిలవమంది. ఇక్కడ అక్కని అప్ప అంటారు.

రోడ్డు పక్క ఆవిడ కూర్చునే చోటు ఒక గోనెసంచి వెడల్పు ఉంటుంది. పదిహేనేళ్ళ నుంచి అదే చోటు. కానాగంత చేపలు కిలో రెండొందల నలభై చెప్పి రెండొందలకి ఇచ్చింది. నిషేధం కాబట్టి ధర ఎక్కువట. మా ఊరికి ఐస్‌లో వారం పడుకుని వచ్చే చేప కూడా అంత ఉండదు. బేరం చేసి వెళ్ళిపోయినవాళ్ళు నాలుగడుగులు వేసి తిరిగొస్తారని ఆవిడకి ముందే తెలుసు. వాళ్ళ వైపు చూడను కూడా చూడదు.

పని సంగతి చెప్పాను. చేప పొలుసు తీస్తూనే వింది.

"మంచిదే సెల్లీ. కానీ నాను ఒక్క వారం రాకపోతే ఈ సోట ఇంకొకరు కూకుంటారు. ఏడాదయ్యాక మీరు ఎల్లిపోతారు. అప్పుడు నాకు అదీ లేదు, ఇదీ లేదు." కత్తి పక్కన పెట్టింది. "అదీ కాదు. మొగుడికి రావాల్సింది పెళ్ళానికి వచ్చినాదంటే ఆడు పైకి ఏటీ అనడు. నిన్నట్నుండి అన్నం సరిగ్గా తినట్లేదు. కూకున్నకాడే కూకుని వేళ్ళతో నేల మీద గీతలు గీత్తన్నాడు. ఎక్కడ తప్పు సేసేనే అని నన్నడుగుతాడు. నాకేటి తెలుత్తాది?"

ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి పోతుందని నేను సంచిలో పెట్టుకుని తిరుగుతున్న పాఠం ఆవిడ గంప ముందు కూర్చుని నాకే చెబుతోంది. పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చున్నాను.

బియ్యం డబ్బా

చేపలన్నీ అమ్ముడయ్యాక, అన్నం తిని వెళ్ళమని ఇంటికి తీసుకెళ్ళింది. హార్బర్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. అప్పల్రాజు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు.

"పోనీ ఇప్పుడైనా సెప్పు కోటమ్మా. తుపాను కబురు కాడేనా? ఐస్ కాడేనా? ఆడ కుడివైపు ఎల్లాల్సిందా?" అన్నాడు. నా పేరు కోటేశ్వరి. హార్బర్‌లో రెండో రోజే కోటమ్మనైపోయాను.

నేను జవాబు చెప్పేలోగా లోపల్నుంచి నూకాలమ్మ కేకేసింది. "ఏమయ్యో, బియ్యం నిండుకున్నాయి. కొట్టుకెల్లి రెండు కేజీలు తే బేగి."

ఆయన లేచి, మేకుకి తగిలించిన సంచి అందుకున్నాడు.

మా అమ్మ కూడా అంతే. బియ్యం అయిపోయాయి అనదు, ఉప్పు లేదు అనదు. ఇంట్లో లేదు అనే మాట పలక్కూడదని అన్నిటికీ నిండుకుంది అంటుంది. ఎంత దూరం వచ్చినా అదే మాట వినిపించిందని నవ్వు మొహంతో కూర్చున్నాను. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఇంకో నిండుకుంది గుర్తొచ్చింది.

డీజిల్ నిండుకుంది. ఆటలో అయిదో ప్రశ్న దగ్గర నేను రాసిన మాట అది. వెళ్ళడానికి ఉంచిన డీజిల్ అయిపోయింది, ఇక కదిలితే తిరిగి రావడానికి ఉంచినది తగ్గుతుంది అని అక్కడ చెప్పాలి. అయిపోయింది అని రాయడానికి చెయ్యి రాలేదు. డీజిల్ నిండుకుంది, ముందుకా, వెనక్కా అని రాశాను. అచ్చమైన తెలుగు రాశావని సారు మెచ్చుకున్నారు కూడా. ట్యాంకు ముల్లు బొమ్మ ఆటలో లేదు, మనుషులే అంచనా వెయ్యాలని తీసేశారు. ఆ మాటే ముల్లు.

"అన్నా, ఆగండి" అన్నాను. "ఇప్పుడు అప్ప నిండుకున్నాయంది. బియ్యం ఉన్నట్టా, లేనట్టా?"

"లేవనే కదా తెమ్మంతంది."

"మరి ఆటలో డీజిల్ నిండుకుంది అంటే?"

"ట్యాంకు నిండా ఉన్నాదని. అందుకే కదా ముందుకెల్లేను. డీజిల్ నిండా ఉండి, ముందర సేపుందంటే ఎనక్కొచ్చినోడు సరంగేటి?"

"బియ్యానికి లేవని, డీజిల్‌కి ఉందనా?"

ఆయన నన్ను చంటిపిల్లని చూసినట్టు చూశాడు. "ఇంటికాడ మాట ఇంటికాడిదమ్మా. లేదంతే లచ్చిందేవి అలిగి ఎల్లిపోద్దని ఆడోళ్ళు అలగంతారు. పడవ మీద ఎవుడంతాడు? ఆడ లేదంతే లేదనే సెప్పాల. ముద్దుమాటలాడితే పేనాలు పోతాయి."

చెప్పి, సంచి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నా మొహం చూశాడు.

"అంటే నా పడవ..."

"నేనే ముంచాను అన్నా."

లోపల చేపల కూర ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నూకాలమ్మ గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. "అయితే నాకు తెలివెక్కువ కాదేటి? వంటిల్లు ఎక్కువా?" అంది. తనే గరిటె ఊపింది. "పోన్లే. రెండ్రోజులు గొప్పగా ఉన్నాది. ఒగ్గీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పల్రాజు బియ్యానికి వెళ్ళాడు. వీధి మలుపు దాకా చూశాను. పొద్దున్నకంటే నిటారుగా నడుస్తున్నాడు. తిరిగొచ్చి నాతో పాటు కూర్చుని, నెత్తళ్ళు మామిడికాయ కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

సింహాచలం

మధ్యాహ్నం సింహాచలం బస్సెక్కాను. భక్తి కంటే భయంతో వెళ్ళానని చెప్పాలి. కొండ మీద ధర్మదర్శనం వరసలో గంటన్నర నిలబడ్డాను. టికెట్టు కొంటే అరగంటలో అయిపోయేది. నాకు ఆ గంట ఆలోచించుకోవడానికి కావాలి.

వరసలో నిలబడే బస్సు టికెట్టు వెనక రెండు గళ్ళు గీశాను. చెబితే: మూడు రోజుల పని బూడిద. సారు ఇప్పటికే పై వాళ్ళకి రాసేశారు, ఆయన పరువు. నా ఉద్యోగం. డిగ్రీ చదివి మాట అర్థం తెలీదా అంటారు. చెప్పకపోతే: అన్నీ ఉంటాయి. అప్పల్రాజుకి నిజం తెలిసిపోయింది, ఆయన గొడవ చేసే మనిషి కాదు. ఆ గట్టు మీద ఒక్కడూ కూర్చుంటాడు, అంతే. మా ఆటలో మార్కులు వేస్తే చెప్పకపోవడానికే ఎక్కువ వస్తాయి. రెండుసార్లు కూడి చూశాను, అట్లాగే వచ్చింది. అప్పుడు అర్థమైంది, ఒక గడిలో నేను పోగొట్టుకునేవి ఉన్నాయి, రెండో గడిలో ఆయన పోగొట్టుకునేది ఉంది. ఆ రెండూ ఒకే జేబులోవి కావు, కలిపి కూడకూడదు.

గర్భగుడి ముందుకి చేరాను. సింహాచలం స్వామిని ఏడాదంతా చందనంలోనే చూడాలి. అసలు రూపం చాలా ఉగ్రమట, చూసి తట్టుకోలేమని పూత పూస్తారు. ఏడాదికి ఒక్కరోజే తీస్తారు, ఆ రోజు గడిచి నెల దాటింది. నా పక్కన ఒక ముసలావిడ చెంపలేసుకుంటూ నిలబడింది. ఇంట్లో మా అమ్మ మాటలకి పూసేదీ ఇదే చందనం అనిపించింది. గుళ్ళో, ఇంట్లో చల్లగా ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి పడవలో పూశాను నేను.

పులిహోర ప్యాకెట్టు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, ఎక్కడా పూత లేకుండా. లైను తెగిందేమోనని రెండుసార్లు చూసుకున్నాను.

"నిన్ననే పంపేశాను కోటేశ్వరీ" అన్నారు.

"తెలుసు సార్."

"ఆ మాట తీసేసి అయిపోయింది అని పెట్టిస్తాను. రేపు మగవాళ్ళతో మళ్ళీ ఆడించు. నువ్వు వచ్చాక మాట్లాడదాం."

'వచ్చాక మాట్లాడదాం' అనే మాటకి అర్థం ఎవరినీ అడగక్కర్లేదు. పులిహోర తిన్నాను. బాగుంది. ఇందులో మాత్రం బెల్లం లేదు.

మళ్ళీ ఆట

అయిదో రోజు అందరి ముందు నిలబడి చెప్పాను, తప్పు నా మాటలో ఉందని, మీ పడవలు మునగలేదని. అంత చదువుకున్న పిల్ల అలా చెప్పడం వాళ్ళకి ఇబ్బందిగా అనిపించినట్టుంది. "పోన్లెద్దూ అమ్మా, మాట కదా, జారుతాది" అన్నాడొకాయన. ఇంకో ఆయన మాత్రం, "మొన్న నవ్వినోళ్ళందరూ అప్పల్రాజుకి టీ పోయించాల" అన్నాడు. పోయించారు కూడా.

ఆరు ట్యాబులూ ముందే ఐస్ మీద ఉన్నాయి.

అప్పల్రాజు ఈసారి అయిదో ప్రశ్న దగ్గర ఆగాడు. వెళ్ళడానికి ఉంచిన డీజిల్ అయిపోయింది అని చదివి వినిపించాను. "ఈ మాట వచ్చీదాకా ఉన్నోడు సరంగు కాదమ్మా. సగం అయినప్పుడే గాలి సూసుకుని తిరగాల. మీ ఫోను ఆలస్యంగా అడుగుతాంది" అన్నాడు. ఆ మాట సారుకి చెప్పాలని చేతి మీద రాసుకున్నాను. పడవ వెనక్కి తిప్పాడు. డెబ్భై ఆరు వచ్చాయి.

చివర్న వల అల్లుతున్న ఒకతనికి డెబ్భై తొమ్మిది వచ్చాయి. అందరూ ఒక్కసారి నా వైపు చూశారు. ఎక్కువ వచ్చినవాళ్ళకే పని అని చెప్పింది నేనే. ఆయన అల్లడం ఆపలేదు. "నాకెందుకమ్మా? నిసేదం ఎత్తీగానే నా పడవ నాకున్నాది. ఒడ్డున కూకోబెడితే నాను సచ్చిపోతాను." తర్వాత ఎక్కువ నూకాలమ్మవి. గంప ఎత్తుకుని అటే వెళుతోంది. "నాకు గోపాలపట్నం ఉన్నాది, నాను ముందే సెప్పీసేను" అంది. రెండడుగులు వేసి మొగుడి వైపు తిరిగింది. "అయినా రెండు మార్కులు తక్కువే కదేటి?"

"మరే. వంటిల్లు తెలీదు కదా నాకు" అన్నాడు అప్పల్రాజు. ఆయన నవ్వగా నేను చూడ్డం అదే మొదలు.

అన్నీ రాసి పంపి, సారు చెప్పినట్టు ట్యాబులు ఐస్ దుకాణంలో అప్పగించి, సాయంత్రం రైలెక్కాను. పని ఎవరికిచ్చేదీ సారు చెప్పలేదు. నా సంగతీ చెప్పలేదు. స్టేషన్‌కి పోతూ బీచి రోడ్డులో అయిదు నిమిషాలు ఆటో ఆపించాను. సముద్రం అప్పుడు చూశాను. అది చెరువులాగా లేదు. అమ్మ నమ్మకపోవడమే మంచిదైంది.

ఇంటి దగ్గర

కబురు చేసేదాకా ఇంటి దగ్గరే ఉండమన్న సారు మూడో రోజు ఫోన్ చేశారు. నన్ను తీసెయ్యలేదు, ఉంచుకోనూలేదు. చూడ్డానికి ఇంకో మూడు నెలలు కావాలన్నారు. నాన్నకి చెబితే, "పలక పగల్లేదు కదా, చెరిపి మళ్ళీ రాసుకోవచ్చులే" అన్నారు.

ఈ పొద్దున అమ్మ డబ్బా మూత తీసి, బియ్యం నిండుకున్నాయే అంది. ఉన్నాయా, లేవా అని అడిగాను. డిగ్రీ చదివించి తప్పు చేశామా అన్నట్టు చూసింది. నేను సంచి పట్టుకుని కొట్టుకి వెళ్ళాను.

దారిలో ఫోన్ మోగింది. అప్పల్రాజు.

"కోటమ్మా, మీ సారు నాతో మాటాడేరు. పొద్దుట్నుండి నీ మాటలన్నీ ఒకడి సేత సదివించుకుంటన్నాను. ఇంకో పదకొండు తప్పులున్నాయి. రాసుకుంతావా?"

రోడ్డు పక్క ఆగాను. కాగితం లేదు, బియ్యం సంచి మీద రాసుకుంటానన్నాను. వెనకాల ఏ చప్పుడూ వినిపించడం లేదు, మనుషులు లేరు, వేలం లేదు. నీళ్ళు గట్టుకి కొట్టుకోవడం ఒక్కటే వినిపిస్తోంది.

"నిషేధం ఎత్తేశారా అన్నా?"

"నిన్ననే. పడవలన్నీ ఎల్లిపోయాయి."

"మీరెక్కడున్నారు?" అన్నాను.

"గట్టు మీదే" అన్నాడు. "పన్లో ఉన్నాను. బేగి రాసుకో, కొత్త కుర్రోళ్ళు వచ్చే ఏళయినాది."